తలుపు తట్టనివాడు

ఊబ్కె అత్త పోయాక
ఆమె కుట్టుమిషను సొరుగులో చుట్టల డబ్బా దొరికింది.
చుట్టలు లేవు, వాసన మిగిలింది.
అడుగున, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన
సైనికుడి జీతపు పుస్తకం.

ఓక్కో టామెన్. లేర్ పట్టణం. మా తాత.

ఫోటో ఉండాల్సిన చోట
రెండు రివెట్ల తుప్పు మరకలు,
వాటి మధ్య చదరపు ఖాళీ.
ముఖం తప్ప అన్నీ ఉన్నాయి:
ఎత్తు నూట డెబ్భై ఒకటి. కళ్ళు బూడిదరంగు.
గ్యాస్ మాస్కు కొలత రెండు. బూటు నలభై మూడు.
ఇంత కచ్చితంగా ఆయన్ని
నాన్నమ్మ కూడా కొలిచి ఉండదు.

ఆ పాత గొలుసుకట్టు రాత చదవగలిగినవాడు
మా వీధిలో ఇంకొక్కడే మిగిలాడు, వెస్సెల్ పోపింగా,
తొంభైకి రెండేళ్ళు తక్కువ.
కలకండ ముక్క మీద వేడి టీ పోస్తాడు,
అది చిటపటమని పగులుతుంది,
అప్పుడు గాని భూతద్దం తీయడు.
మూడు కప్పులు తాగందే లేవనివ్వడు.

"పద్నాలుగో కంపెనీ," అన్నాడు. "ట్యాంకుల వేటగాళ్ళు."
వాళ్ళ చిన్న ఫిరంగికి
వాళ్ళే పెట్టుకున్న పేరు చెప్పి నవ్వాడు:
తలుపు తట్టేది.
పెద్ద ట్యాంకు ఉక్కుకు దాని గుండు తగిలి
ఠంగుమని జారిపోయేదట.
లోపలివాళ్ళకు, ఎవరో వచ్చారని తెలిసేదట.
అంతే.

నేను నవ్వలేకపోయాను.
యుద్ధం తర్వాత ముప్పై ఏళ్ళు
తాత మా ఊరి తపాలా మనిషి.
ఒక్క తలుపూ తట్టలేదు.
గడప ముందు నిలబడి దగ్గేవాడు.
వానలోనైనా, పొగమంచులోనైనా
ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా దగ్గుతూనే.
ఊరంతా అనుకున్నది ఊపిరితిత్తుల జబ్బని.
మొహమాటమేనేమో కూడా. నాకు తెలియదు.

పేజీ తిప్పాం.
నలభై రెండు, జనవరి. ఆసుపత్రి. మంచు కొరికిన పాదం,
కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు.
మార్చిలో కొత్త బూట్ల జత: మళ్ళీ నలభై మూడే.
ఆ కుడి బూటు కొనలో ఏం కూరుకున్నాడో
ఏ గుమాస్తా రాయలేదు.

ఇంకో పేజీ. నలభై మూడు, మే నెల.
ఫిరంగి నంబరు కొట్టేసి ఉంది, తిరిగి అప్పగించినట్టు.
ఆ పక్కన చిన్న అక్షరాల్లో ఒక్క వరుస:
వెనుక ప్రాంతంలో భద్రతా విధి, పదకొండు వారాలు.

వెస్సెల్ కళ్ళద్దాలు తీశాడు.
"దీనికి అర్థం?"
"మాటకు అర్థం తెలుసు," అన్నాడు, "భద్రత. కానీ
ఆ ఏడాది, ఆ అడవుల్లో, ఆ పల్లెల్లో..."
వాక్యం అక్కడే వదిలేసి
నా కప్పులో మళ్ళీ టీ పోశాడు.
ఆ ఇంట్లో నాలుగో కప్పు పోయడం
నేనెప్పుడూ చూడలేదు.

బెర్లిన్‌లోని ఆర్కైవ్‌కు రాశాను.
పద్నాలుగు నెలలకు జవాబొచ్చింది:
గుర్తింపు బిళ్ళ సంఖ్య, కంపెనీ పేరు, రెండు తేదీలు.
ఆ పదకొండు వారాలకు
"పత్రాలు లభ్యం కావు" అన్న ముద్ర.
ముద్ర మాత్రం చాలా చక్కగా పడింది.

ఏ తలుపులు, తాతా?
లోపల నలుగురు మనుషులున్న ఉక్కు తలుపా,
లేక గడ్డి కప్పు కింద
తోలు పట్టీతో వేలాడే చెక్క తలుపా?
రెండోదానికి ఫిరంగి అక్కర్లేదు.
పిడికిలి చాలు. తుపాకి మడమ చాలు.

తట్టావా?
తట్టినవాళ్ళ వెనక నిలబడ్డావా?
ఎవరు తీశారు?

అచ్చు అక్షరాల్లో సూచన ఒకటుంది:
సైనికుడు ఈ పుస్తకాన్ని
ఎల్లవేళలా తన వెంట ఉంచుకోవాలి.

ఉంచుకున్నాడు.
ముఖం ఒక్కటే పీకేశాడు.